కుక్కల చెవులూ తోకలూ డబ్బులిచ్చి మరీ కోయిస్తున్నాం, దీని మీద కోపం ఎందుకు రాదు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పొన్నకల్ గుర్తుందా అండీ? 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆ ఊళ్లో రాత్రిపూట 20 వీధికుక్కల్ని తుపాకీతో కాల్చి చంపేశారు. ఆ వార్త వచ్చిన రోజు మా కాలనీ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫోటోలు తప్ప ఎప్పుడూ ఏమీ పెట్టని వాళ్లు కూడా తిట్టిపోశారు, పట్టుకుని లోపలెయ్యాలి అన్నారు, ఆడవాళ్లైతే ఏడ్చారు కూడా. ఆ కోపం న్యాయమైందే. కుక్కని బండికి కట్టి ఈడ్చుకెళ్తున్న వీడియో బయటికొచ్చినా, అన్నంలో విషం కలిపి పెట్టారని తెలిసినా ఇప్పుడు జనం ఊరుకోవట్లేదు, స్టేషన్‌కి వెళ్లి కంప్లైంట్ ఇస్తున్నారు, నా చిన్నప్పుడు ఇంత లేదు, చాలా మంచి మార్పు ఇది.

నేను రాసేది మాత్రం ఎవరికీ కోపం రాని ఇంకో క్రూరత్వం గురించి. ఇది చీకట్లో జరగదు. ఇంటిల్లిపాదీ కారేసుకుని వచ్చి, కుక్కపిల్లని ఒళ్లో పెట్టుకుని, ముద్దులాడుతూ, బిల్లు కట్టి మరీ చేయించుకుంటారు. డాబర్‌మన్ చెవులు కోయించడం, రాట్‌వైలర్ తోక కోయించడం, బాక్సర్‌కి రెండూ కోయించడం, ఇప్పుడు కొత్తగా అమెరికన్ బుల్లీ అని ఒక క్రేజ్ వచ్చింది కదా, దానికైతే చెవులు తలకంటా దాదాపు మొదలు దాకా తీసేయించడం. పోన్లే ఫ్యాషన్ కదా అని మనందరం చూసీ చూడనట్టు పోతున్నాం.

నేను విజయవాడలో ఒక చిన్న పెట్ క్లినిక్‌లో హెల్పర్‌గా చేస్తున్నాను. చదువు ఇంటర్ వరకే, డాక్టర్‌ని కాదు. కానీ కుక్కల్ని పట్టుకునేది, కట్లు కట్టేది, ఇంజెక్షన్ అప్పుడు తల నిమిరేది నేనే కాబట్టి ఏ కుక్కకి ఎక్కడ నొప్పో నా చేతులకి తెలుస్తుంది. మా డాక్టరమ్మ చెవులూ తోకలూ కోయదు, అడిగినా చేయనని మొహం మీదే చెప్తుంది. అప్పుడు వాళ్లు అనే మాట ఒకటే, "ఇక్కడ కాకపోతే ఇంకో చోట చేయించుకుంటాం మేడం" అని. చేయించుకుంటారు కూడా. అది చీము పట్టాక మళ్లీ మా దగ్గరికే తీసుకొస్తారు.

మొన్న వానాకాలంలో వచ్చిన ఒక డాబర్‌మన్ పిల్ల గురించి చెప్తాను, ఏం జరుగుతోందో దీన్ని బట్టి చదివేవాళ్లకి అర్థమవుతుంది. రెండున్నర నెలల పిల్ల, నల్లది, కళ్ల మీద ఆ గోధుమరంగు చుక్కలు ఉంటాయి చూడండి, అవి కూడా ఇంకా సరిగ్గా తేలలేదు. ఎవరో బ్రీడర్ మనిషి ఇంటికొచ్చి చేశాడంట, డాక్టర్ కాదు, ఎక్కడో కొన్నాళ్లు కాంపౌండర్‌గా చేసిన మనిషంట, మత్తు ఏమిచ్చాడు ఎంత ఇచ్చాడు వీళ్లకి తెలీదు. రెండు చెవులూ మధ్యలో ఫోమ్ ముక్క పెట్టి ప్లాస్టర్‌తో నిలువుగా చుట్టేసి ఉన్నాయి. ఆ ప్లాస్టర్ వారం నుంచి విప్పలేదు. నేను సెలైన్‌తో తడిపి తడిపి మెల్లగా విప్పుతుంటే ముందు వాసన వచ్చింది, తర్వాత కుట్ల వెంబడి చీము, ఎడమ చెవి అంచున తెల్లగా పురుగులు కదులుతున్నాయి. టర్పెంటైన్ వేసి ఒక్కో పురుగునీ ఫోర్సెప్స్‌తో తీస్తుంటే ఆ పిల్ల కరవలేదండీ, అరవలేదు కూడా, నా మోచేతి సందులో మూతి దూర్చి వణుకుతూ ఉంది. ఓనర్ కుర్రాడు పక్కనే నిలబడి "అక్కా, చెవులు నిలబడతాయి కదా?" అని అడిగాడు. చెడ్డవాడు కాదు ఆ అబ్బాయి, రాత్రంతా నిద్రపోకుండా దాని పక్కనే కూర్చున్నాడంట. కాకపోతే కుక్క అంటే అలాగే ఉండాలని ఎవరో వాడి బుర్రలో ఎక్కించారు. ఎడమ చెవి ఇంకొంచెం తీసేయాల్సొచ్చింది. ఆ కుక్క ఇప్పుడు పెద్దదైంది, ఆరోగ్యంగానే ఉంది, కానీ తల వైపు చెయ్యి వెళ్తే చాలు నేలకి అంటుకుపోతుంది, ఆ అబ్బాయి చెయ్యి అయినా సరే.

తోకల సంగతి ఇంకా ఘోరం, ఎందుకంటే అది మా కంటికి కూడా కనపడదు. పుట్టిన మూడో రోజో ఐదో రోజో, కళ్లు కూడా తెరవని పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి తీసి, చాలాచోట్ల మత్తూ గిత్తూ ఏమీ లేకుండానే కత్తెరతో కట్ చేసేస్తారు, లేకపోతే రబ్బర్ బ్యాండ్ బిగించి వదిలేస్తారు, రక్తం ఆడక ఆ ముక్క ఎండిపోయి ఊడిపోతుంది. అంత చిన్నపిల్లలకి నొప్పి తెలీదు అక్కా అని బ్రీడర్లు నమ్మకంగా చెప్తారు. మరి కత్తెర పడగానే ఆ పిల్ల కీచుమని అరిచేది ఎందుకు? తల్లి అక్కడ గది తలుపు గీరేది ఎందుకు? తోకలో ఎముకలున్నాయి, నరాలున్నాయి, కోసిన చోట నరం గడ్డ కట్టి పెద్దయ్యాక కూడా నొప్పి పెట్టే కుక్కలుంటాయని డాక్టర్లు చెప్తారు, మా దగ్గరికి ఆ మొండి తోకనే తిరిగి తిరిగి కొరుక్కునే కుక్కలు వస్తుంటాయి.

అసలు ఈ కోతలు ఎక్కడ మొదలయ్యాయి అంటే ఒక్కో చోట ఒక్కో కథ. రోమన్ల కాలంలో తోక చివర తుంచేస్తే కుక్కకి పిచ్చి పట్టదని నమ్మేవాళ్లంట. రేబిస్‌కి పాశ్చర్ 1885లోనే టీకా కనిపెట్టాడు, మనమేమో ఇంకా తోక కోస్తూనే ఉన్నాం. కుక్కల పోట్లాటలు ఆడించేవాళ్లు ఎదుటి కుక్కకి పట్టు దొరక్కూడదని చెవులు కోసేవాళ్లు. మన పల్లెల్లో కూడా చెవి కోస్తే కుక్కకి రోషం వస్తుంది, కాపలా బాగా కాస్తుంది అని పెద్దవాళ్లు అనడం నేను విన్నాను. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లాట్‌లో ఏసీ గదిలో పడుకునే బాక్సర్ ఎవరితో పోట్లాడాలి చెప్పండి? కాపలా అంటారా, కుక్క మొరిగేది గొంతుతో, పసిగట్టేది ముక్కుతో, వినేది చెవితో. అందులో ఒకటి కోసేసి కాపలా బాగా కాస్తుంది అంటే నేను నమ్మను.

చెవులు వాలి ఉంటే లోపల ఇన్ఫెక్షన్లు వస్తాయి, అందుకే కోయిస్తున్నాం అనేవాళ్లు ఇంకొందరు. ల్యాబ్రడార్ చెవులు వాలే ఉంటాయి, బీగిల్‌వి ఇంకా పొడుగ్గా వేలాడతాయి, వాటి చెవులు కోయమని ఇంతవరకూ ఒక్కరు కూడా మా క్లినిక్‌కి రాలేదు. మరి వాటికి అక్కర్లేని వైద్యం డాబర్‌మన్‌కే ఎందుకు? వారానికోసారి చెవి తుడిస్తే సరిపోయేదానికి చెవే తీసేస్తారా? తోకకి దెబ్బలు తగుల్తాయనే వాదన కూడా ఉంది, దాని మీద బ్రిటన్‌లో పెద్ద సర్వే చేశారు, 2010లో వచ్చింది, లక్షకు పైగా కుక్కల రికార్డులు చూస్తే తేలింది ఏంటంటే ఒక్క కుక్క తోకకి దెబ్బ తగలకుండా ఆపాలంటే దాదాపు 500 కుక్కల తోకలు కోయాలంట. మిగతా 499 కుక్కలు ఏం పాపం చేశాయి?

తోక అంటే అందానికి పెట్టిన వస్తువు కాదండీ, కుక్క మాట్లాడేది దానితోనే. సంతోషం, భయం, దగ్గరికి రావద్దు అనే హెచ్చరిక, నేను నీ జోలికి రాను అనే మాట, అన్నీ తోకలోనే ఉంటాయి, ఎదుటి కుక్క దూరం నుంచే చదువుకుంటుంది. కెనడాలో కొందరు రోబో కుక్కని చేసి దానికి ఒకసారి పొడుగు తోక, ఒకసారి పొట్టి తోక పెట్టి పార్కులో వదిలి చూశారు. పొడుగు తోక ఊపుతుంటే మిగతా కుక్కలు ధైర్యంగా దగ్గరికొచ్చాయంట, పొట్టి తోక అయితే ఊపుతోందో బిగబట్టి ఉందో తేడా పట్టుకోలేకపోయాయంట. మన పార్కుల్లో తోక లేని కుక్కకీ మిగతా కుక్కలకీ ఊరికే గొడవలవుతుంటే ఈ కుక్క అగ్రెసివ్ అని ముద్ర వేస్తాం, దాని నోరు మూసేసింది మనమే అని ఎవరికీ తట్టదు. మొరుగుతోందని పక్క ఫ్లాట్ వాళ్లు గొడవ చేస్తున్నారని గొంతులో మొరుగు వచ్చే స్వర తంత్రులు కోయించమని అడిగినవాళ్లు కూడా ఉన్నారు, నిజంగా చెప్తున్నాను, ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అందరికంటే ఎక్కువ డాబర్‌మన్ ఓనర్లకి ఒక మాట చెప్పాలి. మీ కుక్క పుట్టిల్లు జర్మనీ, అపోల్డా అనే ఊళ్లో పన్నులు వసూలు చేసే డాబర్‌మాన్ అనే ఆయన తన వెంట తోడుకి, రక్షణకి ఈ జాతిని తయారుచేశాడు. ఆ జర్మనీలో చెవులు కోయడం 1980ల్లోనే నిషేధించారు, 1998 నుంచి తోక కూడా కోయకూడదు. అంతర్జాతీయ కుక్కల సంఘం ఎఫ్‌సీఐ ఉంది కదా, మీరు షో క్వాలిటీ షో క్వాలిటీ అని ఎవరి స్టాండర్డ్ (ఏ జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే రూల్) చూపిస్తారో ఆ సంఘమే, డాబర్‌మన్ చెవి, తోక సహజంగా వదిలెయ్యాలని ఇప్పుడు తన స్టాండర్డ్‌లోనే రాసుకుంది. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ అయితే చెవులు కోసిన కుక్కల్ని షోలకి రానివ్వకూడదని 1890ల్లోనే రూల్ పెట్టింది, అంటే మనల్ని ఆ దొరలు ఏలుతున్న రోజుల్లోనే. అమెరికాలో దేశమంతటికీ చట్టం లేకపోయినా అక్కడి పశువైద్యుల సంఘం అందం కోసం చేసే ఈ కోతల్ని వ్యతిరేకిస్తున్నామని 2008లోనే తేల్చి చెప్పింది. కుక్కల్ని వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్నాం, వాళ్లు ఎప్పుడో వదిలేసిన కత్తిని మాత్రం మనం పట్టుకుని కూర్చున్నాం.

మన దగ్గర ప్రయత్నం జరగలేదని కాదు. 2011లో వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా డాక్టర్లెవరూ అందం కోసం తోకలూ చెవులూ కోయొద్దని చెప్పింది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కోర్టుకెళ్లింది, 2013లో మద్రాస్ హైకోర్టు కౌన్సిల్ చెప్పిన ఆ మాటని కొట్టేసింది. కోర్టు కొట్టేసిందంటే కోయమని ఆర్డర్ వేసినట్టు కాదు కదా, కోయను అనే హక్కు ప్రతి డాక్టర్‌కీ ఉంది, మా డాక్టరమ్మ అదే చేస్తోంది.

ఇక చట్టం. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే చట్టం 1960లో వచ్చింది, రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ గారు పట్టుబట్టి పోరాడకపోతే అది కూడా వచ్చేది కాదు. జంతువు అంగాల్ని కోసి పాడుచేయడం నేరమని సెక్షన్ 11లో ఉంది. శిక్ష ఎంతో తెలుసా? మొదటిసారి 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా జరిమానా! మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు. దశాబ్దాలుగా ఆ అంకె అలాగే ఉంది. 2022లో కేంద్రం ఈ చట్టాన్ని మారుస్తాం అని ఒక ముసాయిదా బయటపెట్టింది, అందులో దారుణమైన క్రూరత్వానికి వేలల్లో జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని ఉంది, అభిప్రాయాలు కూడా అడిగారు, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. కొత్త భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్లో జంతువుని చంపినా అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల వరకు శిక్ష ఉంది, మంచిదే, కానీ ఇక్కడ కోయించేది దాన్ని పెంచుకునే మనిషే, చేసేది డబ్బు తీసుకున్న మనిషి, ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు, కంప్లైంట్ ఎవరిస్తారు? కుక్కపిల్ల స్టేషన్‌కి వెళ్లి రాయలేదు కదా.

2017లో కుక్కల బ్రీడింగ్ మీద కూడా రూల్స్ వచ్చాయి. బ్రీడర్లు స్టేట్ యానిమల్ వెల్ఫేర్ బోర్డు దగ్గర రిజిస్టర్ అవ్వాలి, 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, ఒక తల్లికి జన్మలో 5 ఈతలకి మించి పెట్టకూడదు. మా దగ్గరికి నెల నిండని పిల్లలు వ్యాక్సిన్‌కి అని వస్తుంటాయి, ఎక్కడ కొన్నారు బాబూ అంటే ఇన్‌స్టాలో చూసి అంటారు, రిజిస్ట్రేషన్ ఉందా అంటే మొహమొహాలు చూసుకుంటారు. హెవీ బోన్ (ఎముక బలం ఉంది), విత్ పేపర్స్ (జాతి కాగితాలున్నాయి), టెయిల్ డాకింగ్ డన్ (తోక కోసేశాం), ఇయర్ క్రాప్ ఎక్స్‌ట్రా (చెవులు కోయాలంటే డబ్బు అదనం), ఇలా బేరం నడుస్తోంది. పల్లెటూరి సంతలో ఎద్దుని కొనేవాడు కూడా పళ్లు చూస్తాడు, నడక చూస్తాడు, తోక లేని ఎద్దుని కొనడు.

ఇక్కడ ఒక విషయం కలిపేయకూడదు. మున్సిపాలిటీ వాళ్లు కూడా వీధికుక్క చెవి కట్ చేస్తారు కదా, అది తప్పు కాదా అని అడుగుతారు కొంతమంది. అది వేరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేటప్పుడు, కుక్క మత్తులో ఉండగానే చెవి చివర చిన్న గాటు పెడతారు, ఆపరేషన్ అయిపోయింది, మళ్లీ పట్టుకోవద్దు అని దూరం నుంచి తెలియడానికి. దానివల్ల ఆ కుక్క రెండోసారి పొట్ట కోయించుకునే బాధ తప్పుతుంది. వీధికుక్కలంటే జనానికి భయం ఎందుకో నాకూ తెలుసు, 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని కుక్కలు చంపేశాయి, ఆ సీసీటీవీ చూశాక నాకూ నిద్రపట్టలేదు, నాకూ పిల్లలున్నారు, ఏ తల్లి భయాన్నీ నేను తీసిపారెయ్యను. ఆ భయానికి మందు ఆపరేషన్లు, రేబిస్ టీకాలు సరిగ్గా చేయడం, రోడ్డు మీద మాంసం వ్యర్థాలు పడెయ్యకపోవడం. తుపాకీలు, విషాలూ కాదు. పెంపుడు కుక్కకి భయంకరంగా కనపడేలా చెవులు చెక్కించుకోవడం అసలే కాదు, వీధిలో పిల్లలు భయపడేలా కుక్కని తయారుచేయించుకుని, మళ్లీ వీధికుక్కల మీద పోస్టులు పెట్టేవాళ్లని చూస్తే నాకు కడుపు మండుతుంది.

కుక్క కొనాలనుకునేవాళ్లకి నా మనవి, ముందు దత్తత గురించి ఆలోచించండి, హైదరాబాద్‌లో బ్లూక్రాస్, వైజాగ్‌లో వీఎస్‌పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థల్లో ఇల్లు కోసం చూసే కుక్కలు ఎప్పుడూ ఉంటాయి. లేదూ ఫలానా జాతే కావాలి అంటే, తల్లి ఈనక ముందే బ్రీడర్‌కి ఫోన్ చేసి చెప్పండి, నాకు తోక ఉన్న పిల్ల కావాలి, కోస్తే తీసుకోను, అడ్వాన్స్ కూడా ఇవ్వను అని. ఇది పుట్టకముందే చెప్పాలి, ఎందుకంటే మీరు చూడ్డానికి వెళ్లేసరికి తోక పోయి నెల దాటుంటుంది. పదిమంది అలా అడిగితే పదకొండో ఈతకి వాడే మానేస్తాడు, వాడికి కావాల్సింది డబ్బు, మీ చేతిలో ఉన్నదీ అదే. ఇప్పటికే చెవులు కోసిన కుక్క మీ ఇంట్లో ఉంటే దాన్ని తిట్టొద్దు, వదిలెయ్యొద్దు, దాని తప్పేమీ లేదు, మెల్లగా గడ్డం కింద నుంచి నిమరడం అలవాటు చెయ్యండి, తల మీద నుంచి చెయ్యి పెట్టొద్దు.

మీ పేపర్‌కి కూడా ఒక రిక్వెస్ట్ ఉంది ఎడిటర్ గారూ, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. పెట్స్ గురించి మీ ఆదివారం పేజీల్లో డాబర్‌మన్ అన్నా గ్రేట్ డేన్ అన్నా చెవులు కోసిన ఫోటోనే పడుతుంది, పిల్లలు అది చూసి అదే ఆ కుక్క అసలు రూపం అనుకుంటారు, పెద్దయ్యాక అదే అడుగుతారు. నిండు చెవులతో, తోకతో ఉన్న కుక్కల ఫోటోలే వెయ్యండి. క్లాసిఫైడ్స్‌లో డాకింగ్, క్రాపింగ్ అని రాసున్న పప్పీల యాడ్స్ తీసుకోకండి, రిజిస్ట్రేషన్ నంబర్ లేకపోతే అసలే వద్దు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు చోట్లా ఎంతమంది బ్రీడర్లు రిజిస్టర్ అయ్యారో మీ రిపోర్టర్లు అధికారుల్ని అడిగి ఆ లిస్టు వెయ్యగలరా? కొనేవాళ్లకి అది చాలా పనికొస్తుంది. చెవులు కోయించుకుని చీము పట్టి వచ్చిన కుక్కల ఫోటోలు మా క్లినిక్‌లో ఉన్నాయి, ఓనర్లు ఒప్పుకున్నవి మీరు అడిగితే పంపిస్తాను.

ఇట్లు,
పెట్ క్లినిక్ హెల్పర్,
విజయవాడ
(నా పేరు వెయ్యొద్దని మనవి)